గోధుమ పడని బిడ్డలు: ఒక పథ్యపు చరిత్ర

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలలో తెల్లవారి పొలమునకు పోవువారు చోడి అంబలి త్రాగి పోవుట తరతరముల అలవాటు. మధ్యాహ్నమునకు వరి అన్నము. కొండల దిగువ ఊళ్ళలో సామ అన్నము, గంటి అన్నము. గోధుమ ఈ ప్రాంతపు ముఖ్యమైన పంట కాదు. అది చాలకాలము అతిథి కొరకో, రోగి కొరకో మాత్రమే ఇంటిలోనికి వచ్చుచుండెడిది. జ్వరము తగ్గిన పిల్లవానికి పాలలో ముంచిన రొట్టెముక్క పెట్టుట, నీరసించిన బిడ్డకు బార్లీ జావ పోయుట, ఒంటికి బలము పట్టునని బిస్కెట్లు కొని ఇచ్చుట తెలుగువారి ఇండ్లలో నేటికిని చూడవచ్చును. చాలమంది పిల్లలకు దీనివలన హాని ఏమియు లేదు. కాని కొందరు బిడ్డలకు ఆ రొట్టెముక్కయే, ఆ బార్లీ జావయే రోగకారణము. పెట్టినకొలది బిడ్డ చిక్కిపోవును. చిక్కినకొలది తల్లి మరింత పెట్టును.

ఈ వ్యాధికి సీలియాక్ వ్యాధి అని పేరు. నేటికిని దీనికి పథ్యము తప్ప వేరొక చికిత్స స్థిరపడలేదు. ఆ పథ్యము మిక్కిలి సులభమైనదే. గోధుమ, బార్లీ, రై అను మూడు ధాన్యములను జీవితాంతము మానివేయుటయే. ఇంత చిన్న మాటను కనుగొనుటకు వైద్యులకు అరువది సంవత్సరములకు పైగా పట్టినది. ఆ అరువది ఏండ్లలో వారు నిషేధించిన ఆహారములలో మన వరి అన్నము కూడ ఉండుట ఈ చరిత్రలోని విచిత్రము.

పేరు పుట్టిన విధము

క్రీస్తు శకము తొలి శతాబ్దులలో కపడోషియా దేశమునకు చెందిన అరిటియస్ అను గ్రీకు వైద్యుడు, తిన్న ఆహారము జీర్ణము కాక విరేచనములలో పోవుచు మనిషి కృశించు ఒక దీర్ఘరోగమును వర్ణించెను. గ్రీకు భాషలో 'కొయిలియా' అనగా కడుపు. ఆ మాట నుండియే 'సీలియాక్' అను పేరు వచ్చినది. అరిటియస్ గ్రంథము 1856లో ఆంగ్లములోనికి అనువదింపబడినది.

అటు తరువాత ముప్పది ఏండ్లకు, 1887లో, శామ్యూల్ గీ అను వైద్యుడు లండనులోని గ్రేట్ ఆర్మండ్ వీధి బాలల ఆస్పత్రిలో ఈ వ్యాధిని గూర్చి ఉపన్యసించెను. అది 1888లో అచ్చయినది. ఈ వ్యాధి ఏ వయస్సువారికైనను రావచ్చునని, కాని ఒకటి మొదలు అయిదు సంవత్సరముల పిల్లలలో ఎక్కువగా కనిపించునని ఆయన చెప్పెను. పాలిపోయిన ముఖము, ఉబ్బిన పొట్ట, పుల్లలవంటి కాలుసేతులు, నురుగుతో దుర్గంధముతో కూడిన అధిక విరేచనములు, ఎదుగుదల లేకపోవుట - ఈ లక్షణములను గీ గుర్తించిన తీరు నేటి వైద్య విద్యార్థికి కూడ పాఠముగా పనికివచ్చును. నయమగుటయే సంభవించినచో అది ఆహారము వలననే జరుగవలెనని ఆయన నిశ్చయించెను. ఆ నిశ్చయము సరియైనదే.

అయితే ఏ ఆహారము? పిండిపదార్థము అధికముగా ఉన్న బియ్యము, సగ్గుబియ్యము, మొక్కజొన్న పిండి ఇట్టి పిల్లలకు తగవని గీ వ్రాసెను. వానికి బదులుగా మాల్టుతో చేసిన ఆహారములు గాని, పలుచగా కోసి రెండు వైపుల బాగుగా కాల్చిన రొట్టె గాని మేలని సూచించెను. నేడు మనకు తెలిసినంతలో బియ్యము, సగ్గుబియ్యము, మొక్కజొన్న ఈ బిడ్డలకు ఏ హానియు చేయవు. రొట్టె గోధుమతో చేసినది. మాల్టు సాధారణముగా బార్లీతో చేసినది. అనగా నిర్దోషులైన ధాన్యములను వెలివేసి, దోషిని ఇంటిలోనే ఉంచుట జరిగినది.

గీ పరిశీలనలో ఒక కథ ప్రసిద్ధమైనది. ఒక బిడ్డకు ప్రతిదినము హాలండు నుండి వచ్చు మేలైన ఆల్చిప్ప మాంసమును పెట్టగా ఆ బిడ్డ చక్కగా కోలుకొనెను. ఆల్చిప్పలు దొరకు కాలము ముగియగానే వ్యాధి తిరుగబెట్టెను. మరుసటి సంవత్సరము ఆ బిడ్డ వానిని తినుటకు ఒప్పుకొననే లేదు. ఆల్చిప్పలలో ఏదో మహత్తు ఉన్నదని అప్పటివారికి తోచుట సహజము. కాని ఆ బిడ్డను కాపాడినది తిన్న వస్తువు కాదు, దానితో కడుపు నిండగా తినక మానిన వస్తువు అని నేడు భావించుటకు అవకాశమున్నది.

ఏమి పెట్టవలెను అను ప్రశ్న

తరువాతి వైద్యులందరును గీ చూపిన దారిలోనే నడచిరి. అమెరికాలో క్రిస్టియన్ హెర్టర్ 1908లో ఒక గ్రంథము వ్రాసి, ఈ పిల్లలకు పిండిపదార్థముల కంటె క్రొవ్వులు బాగుగా పడునని చెప్పెను. అప్పటి నుండి కొంతకాలము దీనిని గీ-హెర్టర్ వ్యాధి అనిరి. ఇంగ్లండులో జార్జి ఫ్రెడరిక్ స్టిల్ 1918లో రొట్టె తిన్నప్పుడు ఈ పిల్లల స్థితి విశేషముగా చెడుచున్నదని గమనించెను. ఆ మాటను ఆ దినములలో ఎవరును పట్టించుకొని ముందుకు సాగలేదు. 1921లో అమెరికా వైద్యుడు జాన్ హౌలండ్ పిండిపదార్థములు అన్నిటిని తొలగించి, మెట్లుమెట్లుగా తిరిగి చేర్చు పద్ధతిని ప్రతిపాదించెను.

1924లో న్యూయార్కు వైద్యుడు సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యమును ప్రకటించెను. ఆయన చూచిన పదిమంది పిల్లలలో అరటి పథ్యము పొందిన ఎనిమిదిమంది కోలుకొనిరి. పొందని ఇద్దరు మరణించిరి. రొట్టె, బిస్కెట్లు, బంగాళాదుంపలు, ధాన్యములు ఆయన పథ్యములో లేవు. ఈ పథ్యమునకు గొప్ప పేరు వచ్చినది. దీనివలన ఎందరో బిడ్డలు బ్రతికిరన్న మాట నిజమే. కాని గుణము అరటిపండులో ఉన్నదని హాస్ నమ్మెను. బిడ్డ కోలుకొనిన తరువాత రొట్టె పెట్టినను భయము లేదని తలచెను. అట్లు తిరిగి గోధుమకు అలవాటుపడిన పిల్లలలో వ్యాధి లోలోపల సాగుచునే ఉండును.

ఈ పథ్యములన్నిటిలో ఒక సామాన్య లక్షణము కనిపించును. ప్రతి వైద్యుడును "ఈ బిడ్డకు ఏమి పెట్టవలెను?" అని అడిగెను. పెట్టిన వస్తువు ఆల్చిప్పయైనను, అరటియైనను, దానివలన గోధుమ తగ్గినంతవరకే మేలు కలిగినది. విజయము కలిగిన ప్రతిచోట దానికి కారణము వేరొకటి అనుకొనిరి. కారణము తప్పుగా తెలిసినచో చికిత్స నిలకడగా ఉండదు. శాస్త్రచరిత్రలో ఇది తరచు కనిపించు విషయమే.

డచ్చి వైద్యుడు, ఆకలి శీతకాలము

ప్రశ్నను తిరుగవేసినవాడు విల్లెం కారెల్ డికీ అను డచ్చి వైద్యుడు. ఆయన 1905లో జన్మించెను. ముప్పది ఒక్క సంవత్సరముల వయస్సుననే హేగ్ నగరములోని జూలియానా బాలల ఆస్పత్రికి అధిపతి అయ్యెను. ఆహారము నుండి రొట్టెను తీసివేసినప్పుడు తన బిడ్డకు త్వరగా నెమ్మదించుచున్నదని ఒక తల్లి చెప్పిన మాట ఆయనను ఆలోచింపజేసినదని చెప్పుదురు. బిడ్డ ప్రక్కన రాత్రింబగళ్ళు ఉండు తల్లి చూపును ఆయన తేలికగా తీసివేయలేదు. "ఏమి పెట్టవలెను" అనుటకు మారుగా "ఏమి తీసివేయవలెను" అని ఆయన అడుగసాగెను. 1941లో ఒక డచ్చి వైద్యపత్రికలో రొట్టెలేని సరళమైన పథ్యమును గూర్చి వ్రాసెను.

అంతలో రెండవ ప్రపంచయుద్ధము తీవ్రమయ్యెను. 1944-45 శీతకాలములో జర్మను సేనల ఆధీనములో ఉన్న పశ్చిమ హాలండునకు ఆహారము రాక ఆగిపోయెను. దానిని డచ్చివారు నేటికిని 'ఆకలి శీతకాలము' అందురు. ప్రజలు ట్యూలిప్ పూల గడ్డలను, చక్కెర దుంపలను ఉడికించుకొని తినిరి. సుమారు ఇరువదివేల మంది మరణించిరని అంచనా. రొట్టె దుర్లభమయ్యెను. అంతటి కరవులో సీలియాక్ పిల్లల స్థితి మరింత క్షీణింపవలసినది. కాని డికీ ఆస్పత్రిలో అట్టి పిల్లలు మునుపటికంటె మెరుగుపడిరి. విమోచన కాలమున రొట్టె తిరిగి వచ్చినప్పుడు ఇతర పిల్లలు కోలుకొనిరి. వీరికి మాత్రము వ్యాధి తిరుగబెట్టెను.

కరవు ఒక ఆధారమే కాని ఋజువు కాదు. ఆ సంగతి డికీకి తెలియును. ఆయన కొద్దిమంది పిల్లలను నెలల తరబడి, సంవత్సరముల తరబడి పరిశీలించెను. ఆహారములో గోధుమ ఉన్న కాలమున, లేని కాలమున వారి తూకమును గీతలుగా గీచెను. గోధుమ తీసివేయగానే గీత పైకి ప్రాకెను. చేర్చగానే క్రిందికి వంగెను. రై ధాన్యము కూడ అట్లే చేసినది. బియ్యము, మొక్కజొన్న, బంగాళాదుంప ఏ హానియు చేయలేదు. 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంత వ్యాసములో ఈ గీతలు ఉన్నవి. గీ నిషేధించిన అరువది రెండేండ్లకు బియ్యము నిర్దోషి అని తేలినది.

పిండిని కడిగిన ప్రయోగము

గోధుమలో హాని చేయునది ఏది? డికీ, వాన్ డి కామర్, వేయర్స్ అను ముగ్గురు కలిసి ఈ ప్రశ్నను తీసికొనిరి. పిల్లల మలములో ఎంత క్రొవ్వు జీర్ణము కాక పోవుచున్నదో కొలుచు సులభమైన పద్ధతిని వాన్ డి కామర్ కనుగొని యుండెను. దాని సాయమున గోధుమలోని పిండిపదార్థమును, మాంసకృత్తును వేరువేరుగా పరీక్షించిరి. పిండిపదార్థము నిరపాయము, 'గ్లూటెన్' అను మాంసకృత్తే అపాయకరము. ఇంగ్లండులో బర్మింగ్‌హాం నగరపు వైద్య బృందము కూడ 1952లో ఇదే నిర్ణయమునకు వచ్చినది. ఆ బృందములో షార్లెట్ ఆండర్సన్ అను బాలవైద్యురాలు ముఖ్యురాలు.

ఈ విభజనను ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో విద్యార్థులు తామే చేసి చూడవచ్చును. గుప్పెడు గోధుమపిండిని నీటితో ముద్దగా కలిపి అరగంట నాననీయవలెను. ఆ ముద్దను పలుచని గుడ్డలో ఉంచి, నీటి పళ్ళెములో మెల్లగా పిసుకుచు కడుగవలెను. నీరు పాలవలె తెల్లబడును. ఆ నీటిలో ఒక చుక్క అయోడిన్ ద్రావణము వేసినచో నీలిరంగు వచ్చును. అది పిండిపదార్థమునకు గుర్తు. నీరు తేటపడువరకు కడిగిన తరువాత గుడ్డలో బంకవలె సాగు పసుపుపచ్చని ముద్ద మిగులును. అదియే గ్లూటెన్. గోధుమలోని మాంసకృత్తులలో సుమారు అయిదింట నాలుగు వంతులు ఇదియే. చపాతీ చిరుగక పలుచగా సాగుటకు, రొట్టె పొంగి నిలుచుటకు ఇదియే కారణము. బియ్యపు పిండితోను, చోడి పిండితోను ఇదే ప్రయోగము చేసినచో గుడ్డలో సాగెడి బంక మిగులదు. బియ్యపు రొట్టె తట్టునప్పుడు అంచులు విరుగుట ఇందువలననే. ఇల్లాలికి చిక్కు తెచ్చు ఆ విరుగుడుతనమే సీలియాక్ బిడ్డకు రక్ష.

ప్రేగులో జరుగునది

చిన్న ప్రేగు లోపలి గోడ నున్నగా ఉండదు. మఖమల్ గుడ్డపై నూగువలె లక్షలకొలది ఆంత్రచూషకములు దానిపై నిలిచియుండును. జీర్ణమైన ఆహారము రక్తములోనికి చేరుటకు కావలసిన వైశాల్యమును ఇవియే కల్పించును. 1954లో పాలీ అను ఆంగ్ల వైద్యుడు శస్త్రచికిత్స సమయమున తీసిన ప్రేగు ముక్కలలో ఈ వ్యాధిగ్రస్తుల చూషకములు దెబ్బతినియుండుట చూచెను. అనంతరము రెండు మూడు సంవత్సరములలో, శస్త్రచికిత్స లేకుండ నోటి ద్వారా గొట్టమును గాని, చిన్న గుళికను గాని పంపి ప్రేగు పొరను తీయు సాధనములు వచ్చినవి. మార్గో షైనర్, క్రాస్బీ అనువారు వీనికి కర్తలు. వ్యాధిలో చూషకములు అరిగి గోడ చదునగును. గోధుమ మానిన తరువాత అవి మెల్లగా మరల మొలచును.

గ్లూటెన్‌ను జీర్ణరసములు పూర్తిగా విడగొట్టలేవు. కొన్ని పొడవైన తునకలు మిగిలిపోవును. ట్రాన్స్‌గ్లుటమినేజ్ అను ఎంజైము ఆ తునకలను కొంచెము మార్చును. డీక్యూ2, డీక్యూ8 అను జన్యురకములు గలవారిలో కొందరి రోగనిరోధక శక్తి ఆ మారిన తునకలను శత్రువులుగా భావించి, వానిపై యుద్ధము సాగించుచు తన ప్రేగునే గాయపరచుకొనును. ఆ ఎంజైముపై రక్తములో పుట్టు ప్రతిరక్షకములను 1997లో జర్మనీ పరిశోధకులు గుర్తించిరి. నేడు ఈ వ్యాధికి చేయు మొదటి రక్తపరీక్షకు ఆధారము అదియే. ఇది అంటువ్యాధి కాదు. కేవలము అజీర్తియు కాదు. వయస్సుతో పాటు పోవునదియు కాదు. అందుచేతనే కోలుకొనిన తరువాత గోధుమ పెట్టవచ్చునన్న హాస్ అభిప్రాయము నిలువలేదు.

మన దేశములో

భారతదేశములో చాలకాలము వరకు ఇది ఐరోపావారి వ్యాధియని భావింపబడినది. 1966లో వాలియా, ఘాయ్, టాండన్ మొదలైన వైద్యులు ఉత్తర భారత బాలలలోని సీలియాక్ వ్యాధిని వర్ణించుచు బ్రిటిష్ వైద్యపత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. గోధుమ రొట్టెలు ప్రతిదినము తిను ప్రాంతములలో ఈ వ్యాధి ఉన్నదని దానితో స్పష్టమయ్యెను.

వరి తిను దక్షిణ దేశములో బిడ్డ చిక్కిపోయి విరేచనములు పట్టుకొన్నచో వైద్యుల దృష్టి ముందుగా నులిపురుగుల మీదికి, పోషకాహార లోపము మీదికి, లేదా ఉష్ణదేశపు 'స్ప్రూ' వ్యాధి మీదికి పోవుచుండెను. స్ప్రూ కూడ ఆహారము ఒంటికి పట్టనీయని రోగమే. చాలకాలము ఈ రెండును ఒకే కుటుంబమునకు చెందినవని ఎంచి, పెద్దలలోని సీలియాక్ వ్యాధిని 'ఉష్ణదేశపుది కాని స్ప్రూ' అని పిలిచిరి. స్ప్రూ తెలుగువారి శాస్త్రచరిత్రతో ముడిపడిన వ్యాధి. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి అన్న పురుషోత్తం ఈ వ్యాధిచేతనే మరణించెను. తరువాత అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయములో సుబ్బారావుగారి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది దివ్యమైన మందు అయినది. 1960వ దశకములో రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో బేకర్, మాథన్ అను వైద్యులు దక్షిణ భారత గ్రామములలోని స్ప్రూను విపులముగా పరిశీలించిరి. సీలియాక్ బిడ్డలలోను ఫోలిక్ ఆమ్లము, ఇనుము తగ్గియుండును. కాని వారికి ఆ మందులు మాత్రమే ఇచ్చి గోధుమను ఆపనిచో మూలము అట్లే ఉండును. రెండు వ్యాధులను వేరుపరచి చూడవలసిన అవసరము ఇక్కడనే ఉన్నది.

2016లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో దేశపు మూడు ప్రాంతములలోని ఇరువదిమూడువేలకు పైగా పెద్దవారి రక్తమును పరీక్షించిరి. ఉత్తరమున హర్యానాలో వేయిమందికి సుమారు పన్నెండుగురికి, ఈశాన్యమున అస్సాంలో వేయికి తొమ్మండుగురికి, దక్షిణమున రాయవేలూరు ప్రాంతమున వేయికి ఒకరికి వ్యాధిని సూచించు ప్రతిరక్షకములు రక్తములో ఉన్నట్లు తేలినది. వ్యాధికి అనుకూలమైన జన్యురకములు మాత్రము మూడు ప్రాంతములలోను దాదాపు సమానముగానే ఉన్నవి; నూటికి ముప్పది మొదలు నలువది మంది వరకు వానిని కలిగియున్నారు. హర్యానాలో దినమునకు మనిషి తిను గోధుమ నాలుగువందల గ్రాములకు పైమాట. రాయవేలూరున ఇరువదియైదు గ్రాములు. బీజము అన్నిచోట్ల ఉన్నను, గోధుమ అధికమైన చోట్లనే వ్యాధి ఎక్కువగా మొలకెత్తినదని ఈ అంకెలు సూచించుచున్నవి. అస్సాంలో గోధుమ వాడకము తక్కువే అయినను వ్యాధి ఎక్కువగా కనిపించుట వలన, గోధుమతో పాటు ఇతర కారణములును ఉండవలెనని గ్రహింపవలెను.

గోధుమ ఇంటికి వచ్చిన కాలము

1956లో అమెరికాతో కుదిరిన ఒప్పందము ననుసరించి గోధుమలు పెద్ద ఎత్తున దిగుమతి అయినవి. 1966లో మెక్సికో నుండి పదునెనిమిదివేల టన్నుల పొట్టి గోధుమ విత్తనములు తెప్పింపబడినవి. హరిత విప్లవము ఫలించి ఉత్తర దేశపు గోధుమ దేశమంతట చౌకగా దొరకసాగెను. ఉత్తరాంధ్రములో కూడ సాయంకాలపు చపాతీ, ఉదయపు బొంబాయిరవ్వ ఉప్మా, బడి ప్రక్క దుకాణములోని బిస్కెట్టు, నూడుల్సు నేడు వింత వస్తువులు కావు. అంగన్‌వాడీలలో పసిబిడ్డలకు పంచుచు వచ్చిన బాలామృతములో కూడ వేయించిన గోధుమపిండి ముఖ్యభాగము. ఆరోగ్యవంతులైన బిడ్డలకు అది మంచి ఆహారమే. దానిని గూర్చి ఎవరును భయపడనక్కరలేదు. వ్యాధి నిర్ధారణ అయిన బిడ్డకు మాత్రమే దానికి బదులు వేరొకటి కావలెను.

ఆ వేరొకటి కొరకు దూరము పోనక్కరలేదు. చోళ్ళు, సామలు, కొర్రలు, ఊదలు, జొన్నలు, గంటెలు, మొక్కజొన్న - వీనిలో దేనిలోను ఈ బిడ్డలకు హాని చేయు గ్లూటెన్ లేదు. విజయనగరములోని వ్యవసాయ పరిశోధనా స్థానము చోడిలో మేలైన రకములను రూపొందించి వానికి చంపావతి, వేగావతి అని ఈ నేల నదుల పేర్లు పెట్టినది. నూరు గ్రాముల చోళ్ళలో సుమారు మూడువందల యేబది మిల్లీగ్రాముల కాల్షియము ఉన్నది. బియ్యములో దీనిలో ఇరువదవ వంతైనను ఉండదు. దెబ్బతిన్న ప్రేగు కాల్షియమును సరిగా పీల్చలేనందున ఈ బిడ్డల ఎముకలు బలహీనపడును. కావున కోలుకొను బిడ్డకు చోడి అంబలి మిక్కిలి తగిన ఆహారము.

పథ్యములో మెలకువలు

అన్నము, పప్పు, కూరలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసము, పండ్లు, పలాస జీడిపప్పు, వేరుసెనగ, బెల్లము - ఇవి అన్నియు ఈ బిడ్డ తినవచ్చును. ఇడ్లీ, మినపదోశ, పెసరట్టు, సగ్గుబియ్యపు జావ తినవచ్చును. పండుగ పిండివంటలలో అరిసెలు, సున్నుండలు, చలిమిడి, పూతరేకులు, బియ్యపు పిండి జంతికలు నిరపాయము. గోధుమపిండి, మైదా, బొంబాయిరవ్వ, గోధుమ సేమియా, వీనితో చేసిన పూరీ, పరోటా, రవ్వదోశ, బొబ్బట్టు, కాజా, మైదా గవ్వలు, మైసూరు బజ్జీ, కేకు, బన్ను, రొట్టె పూర్తిగా విడువవలెను. బార్లీ జావ కూడ అంతే.

కనపడక దాగియుండు గోధుమ విషయమున మరింత జాగరూకత కావలెను. బజారులో దొరకు ఇంగువలో తరచు గోధుమపిండి కలిసియుండును. పొట్లముపై ముద్రించిన వివరము చదివి కొనవలెను. 'మాల్టు' అను మాట రెండు అర్థములతో వాడుకలో ఉన్నది. మొలకెత్తిన చోళ్ళతో ఇంటిలో చేసిన రాగిమాల్టు మంచిదే. బార్లీ మాల్టు కలిసిన పాలపొడులు కూడవు. పిండిమరలో గోధుమలు ఆడించిన వెంటనే చోళ్ళు ఆడించినచో ఆ పిండిలో గోధుమ కలియును. అందుచేత మర శుభ్రము చేయించి ఆడించుట గాని, ఇంటిలోనే విసరుకొనుట గాని మేలు. పూరీలు వేచిన నూనెలో ఈ బిడ్డ వడలు వేయించరాదు. 'గ్లూటెన్ లేనిది' అని అమ్ము ఆహారములో కిలోకు ఇరువది మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదని అంతర్జాతీయ ప్రమాణము. ఇంత స్వల్పమైన హద్దు ఎందుకనగా, చిటికెడు పిండి ప్రతిదినము లోపలికి పోయినను చూషకములు మొలచుటకు ఆటంకమగును.

మొదటి కొన్ని వారములు పాలు కూడ కొందరికి సరిపడకపోవచ్చును. ప్రేగు కుదురుకొనిన తరువాత చాలమందికి ఆ ఇబ్బంది తగ్గును.

ఒక హెచ్చరిక మరువరాదు. అనుమానము కలిగినంత మాత్రమున పరీక్షకు ముందే గోధుమ మాన్పరాదు. గోధుమ మానినచో రక్తములోని ప్రతిరక్షకములు తగ్గిపోవును, ప్రేగు మానును, పరీక్ష వ్యాధి లేదని చెప్పును. జీవితాంతము చేయవలసిన పథ్యము కావున నిర్ధారణ గట్టిగా జరుగవలెను. ముందు వైద్యుడు, పరీక్ష. ఆ తరువాతనే పథ్యము.

బడిలో

ఈ వ్యాధి ఉన్న ప్రతి బిడ్డకు విరేచనములు ఉండవు. కొందరు బడియీడు పిల్లలలో ఎత్తు పెరుగకపోవుట, ఇనుపధాతువు మాత్రలు ఎన్నాళ్ళు మింగినను పాలిపోయియే ఉండుట, తరచు నోటిపూత, కడుపునొప్పి, ఈడు వచ్చినను యౌవన లక్షణములు ఆలస్యమగుట మాత్రమే కనిపించును. రెండు మూడేండ్లు వరుసగా తరగతిలో అందరికంటె ముందు బల్లపైననే కూర్చొను పొట్టి పిల్లవానిని తల్లిదండ్రుల కంటె ముందు గమనించునది ఉపాధ్యాయుడే. అట్టివారందరును సీలియాక్ రోగులు కారు. వారిలో ఎక్కువమందికి కారణములు వేరుగా ఉండును. కాని వైద్యుని వద్దకు పంపుటకు ఆ గమనింపు చాలును.

నిర్ధారణ అయిన బిడ్డకు బడిలో కష్టము మధ్యాహ్న భోజనము వలన కాదు. అన్నము, పప్పు, గ్రుడ్డు ఆ బిడ్డకు పథ్యములే. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ పాఠశాలలలో మొదలైన రాగిజావ కూడ పథ్యమే. కష్టము తోటివాని పుట్టినరోజున పంచిన కేకుముక్క వలన, ఆటస్థలములో స్నేహితుడు విరిచి ఇచ్చిన బిస్కెట్టు వలన కలుగును. వద్దనుట ఆ వయస్సున సులభము కాదు. తరగతిలో ఒకసారి గోధుమపిండిని కడిగి చూపి, ఇది కొందరి ఒంటికి పడదని ఉపాధ్యాయుడు చెప్పినచో, ఆ తరువాత ఆ బిడ్డ వద్దనుట తోటివారికి వింతగా తోచదు. బలవంతము చేయువారును తగ్గుదురు.

నూటముప్పది యేండ్లకు పూర్వము లండను మహానగరములో గొప్ప వైద్యుడు సీలియాక్ బిడ్డకు అన్నము మాన్పించి కాల్చిన రొట్టె పెట్టించెను. ఆయనకు తెలియదు. నేడు తెలిసియుండగా, చోడి అంబలి కుండ ఇంటిలోనే ఉండగా, చిక్కిన బిడ్డకు బలము కొరకని రొట్టెయే కొనిపెట్టుచుండుట మాత్రము జరుగరాదు.